కట్నం లేని ఊళ్లో కట్నం నాటకం

నవంబరు నెలాఖరుకి రాజమహేంద్రవరం నుంచి మా కొండల మీదికి గృహహింస నాటకం వస్తుంది. స్త్రీల మీద హింసను ఆపాలని ఐక్యరాజ్యసమితి 1999లో ప్రకటించిన రోజు నవంబరు 25. అక్కడి నుంచి డిసెంబరు 10 మానవ హక్కుల దినం వరకు పదహారు రోజులు. ఈ పదహారు రోజుల్లో గోకవరం బస్టాండు దగ్గర ఒక ఆట, కోరుకొండలో ఒక ఆట, ఆ తరువాత కొండెక్కి రంపచోడవరం, మారేడుమిల్లి సంతల్లో ఆటలు. డప్పు, మైకు, ఒక బ్యానరు, కరపత్రాలు. మేము, ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పే కొందరం, ఈ ఆటల్ని చాలా ఏళ్లుగా చూస్తున్నాం. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టేది మేమే, చివర్లో చప్పట్లు కొట్టించేదీ మేమే. అయితే ఈ ఆటలను సాహిత్యంగా చదివి, ఇందులో ఏముంది, ఏం లేదు అని ఎవరూ రాయలేదు. పద్యనాటకం మీద రాస్తారు, సినిమా మీద రాస్తారు, సంతలో ఆడేదాని మీద రాయరు. మా జనంలో ఎక్కువమంది జీవితంలో చూసే నాటకం మాత్రం ఇదొక్కటే.

కథ ప్రతిసారీ దాదాపు ఒకటే. కొత్త కోడలు తలవంచుకుని వస్తుంది. కట్నం బాకీ ఉంది. అత్త సూటిపోటి మాటలంటుంది. మొగుడు తాగి వచ్చి కొడతాడు. కోడలు ఏడుస్తుంది, ఎదురు మాట్లాడదు. అత్త కిరసనాయిలు డబ్బా అందుకుంటుంది. సరిగ్గా అప్పుడు పోలీసు వేషం వస్తుంది, లాఠీ ఊపుతుంది, మొగుడి చెయ్యి పట్టుకుంటుంది. పాట. నినాదం. ఫోను నంబరు.

ఆడేవాళ్లను తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. చాలీచాలని డబ్బులకి, ఎండలో, గొంతు పోయేలా ఆడతారు. మా విమర్శ వాళ్లకు ఇచ్చిన కథ మీద.

కట్నం కథ ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. 1970ల చివర్లో పట్నాల్లో కోడళ్ల కాలిన చావుల మీద ఆడవాళ్లు రోడ్డెక్కారు. దాని ఫలితంగా 1983లో శిక్షాస్మృతిలో 498ఎ చేరింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. ఆ పోరాటం గొప్పది, ఆ కథ ఆ చోట నిజం. డెల్టా ఊళ్లలో ఇప్పటికీ నిజమే. కానీ ఆ కథనే మా కొండరెడ్డి ఊళ్లోకి, కోయ గూడెంలోకి తెచ్చి ఆడితే, చూసేవాళ్లు జాలిపడతారు, ఇంటికి పోతారు. "పాపం, కిందనున్నోళ్లకి ఎన్ని కష్టాలో" అనుకుంటారు. ఈ మాట మేము ఒక్కసారి కాదు, చాలాసార్లు విన్నాం. అవగాహన కోసం వచ్చిన ఆట చూసి, ఈ బాధ మాది కాదు అనుకుని జనం లేచిపోతున్నారు.

మా దగ్గర ఉన్నది ఓలి. పిల్లను చేసుకునే వాళ్లు పిల్ల తల్లిదండ్రులకి ఇచ్చేది. పట్నం చదువు చదివినవాళ్లు ఓలి అనగానే గురజాడ కన్యాశుల్కాన్ని గుర్తు చేసుకుంటారు. 1892లో విజయనగరంలో మొదట ఆడి, 1897లో అచ్చయిన ఆ నాటకం చూపించింది ముసలివాళ్లకు పసిపిల్లల్ని అమ్ముకునే అగ్రహారాల దురాచారం. మా ఓలి పదిమంది పెద్దమనుషుల ముందు, ఎదిగిన పిల్లకు, ఆమె చేతిపనికి ఇచ్చే విలువ. ఇచ్చుకోలేని కుర్రవాడు ఇల్లరికం వచ్చి మామ పోడులో పని చేసి తీర్చుకునేవాడు. రెంటినీ ఒకే గాటన కట్టి "ఆడపిల్లను అమ్ముకునే ఆచారం" అని కరపత్రంలో అచ్చు వేస్తే అది అవగాహన అనిపించుకోదు.

ఇక్కడితో ఆగితే మా వాళ్లు మెచ్చుకుంటారు. కానీ ఓలి అమాయకమైనదేమీ కాదు. ఆడమనిషి దెబ్బలు తట్టుకోలేక పుట్టింటికి వచ్చేసిన రోజున ఓలి లెక్క తెరుచుకుంటుంది. పంచాయితీ కూర్చుంటుంది. కొట్టినందుకు అతనికి తప్పు వేస్తారు, అది నిజమే. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, "మరి ఓలి ఎవరు తిరిగిస్తారు?" అని. తండ్రి చేతిలో డబ్బు ఉండదు. అది తమ్ముడి ఓలికి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. అన్నదమ్ములు తలలు దించుకుంటారు. తల్లి ఆమెను పక్కకు తీసుకెళ్లి "ఇంకొక్కసారి చూడమ్మా" అంటుంది. ఆమె తిరిగి అదే ఇంటికి వెళుతుంది. మా గృహహింస నాటకం ఉన్నది ఇక్కడ. ఇందులో కిరసనాయిలు డబ్బా లేదు, రాక్షసి అత్త లేదు. అందరూ మంచివాళ్లే, అందరూ కలిసి ఆమెను దెబ్బల దగ్గరికి పంపిస్తున్నారు. ఈ సన్నివేశాన్ని ఏ కళాజాతా ఇంతవరకు మా ముందు ఆడలేదు.

మన ఆదివాసీ రచయితలం కూడా దీన్ని రాయలేదు. మన వ్యాసాల్లో "ఆదివాసీ సమాజంలో స్త్రీకి స్వేచ్ఛ ఎక్కువ, కట్నం లేదు, మారుమనువు ఉంది, సంతకు ఒంటరిగా వెళుతుంది" అనే వాక్యం వరస తప్పకుండా వస్తుంది. అబద్ధం కాదు. డెల్టా ఆడమనిషికి లేని దారులు మా ఆడవాళ్లకి ఉన్నాయి. కానీ పైవాళ్లు మమ్మల్ని అనాగరికులన్నారు కాబట్టి దానికి జవాబుగా రాసిన వాక్యం అది. జవాబు చెప్పే తొందరలో ఇంట్లో దెబ్బ తింటున్న మనిషి కనబడకుండా పోయింది. పిల్లను ఎత్తుకుపోయి చేసుకునే పెళ్లిని మన వాళ్లు సాహసంగా రాశారు. ఆ పిల్లకు ఇష్టముందా లేదా అన్నది ఒక పేరాలో కూడా అడగలేదు. చిల్లంగి పెట్టిందన్న అనుమానంతో మొగుడు, మరుదులు కలిసి ఆడమనిషిని కొట్టడం గురించి రాస్తే పరువు పోతుందని ఊరుకున్నాం. కరపత్రాలకు కట్నం తప్ప ఏమీ కనబడలేదు, మనకు కనబడిందాన్ని రాయలేదు.

భాష సంగతి. "గృహహింస" అన్న మాటను అయిదో తరగతి పిల్లల ముందు పలికి చూడండి. వాళ్లకు తెలిసిన గృహం గృహప్రవేశంలోది, గృహనిర్మాణ శాఖ బోర్డు మీదది. ఒక పిల్లవాడు "ఇల్లు పడగొట్టడమా సారూ?" అని అడిగాడు. నిర్వాసితుల కాలనీ పిల్లవాడికి ఆ అర్థమే ముందు తట్టడంలో వింతేమీ లేదు. మా ఆడవాళ్లు ఆ మాట అనరు. "కొడతన్నాడు" అంటారు, "బాధలు పెడతన్నాడు" అంటారు, అన్నిటికంటే ఎక్కువగా "ఏలుకోటం లేదు" అంటారు. ఏలుకోవడం! రాజు రాజ్యాన్ని ఏలతాడు, మొగుడు పెళ్లాన్ని ఏలుకుంటాడు. పంచాయితీలో పెద్దమనిషి మొగుణ్ణి అడిగే ప్రశ్న కూడా "ఏలుకుంటావా, లేదా?" అనే. ఆమెను "నీకు ఇష్టమేనా?" అని అడిగే మాట ఆ తరువాత వస్తుంది, వస్తే. ఒక్క క్రియాపదంలో ఇంత పెత్తనం దాక్కుని ఉంటే, కరపత్రం రాసేవాళ్లు దాన్ని ముట్టుకోకుండా సంస్కృత సమాసాలు పేర్చుకుంటూ పోతారు.

సామెతలు ఇంకా దారుణం. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. మొగుడు కొడితే కొట్టాడు గానీ ముక్కుచీమిడి వదిలిపోయిందట. ఇవి కొండ మీదవి కావు, తెలుగువాళ్లందరివీ. బడిలో సామెతల పాఠం వచ్చినప్పుడు పిల్లలు పకపకా నవ్వేది వీటికే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో (2019-21) మొగుడు పెళ్లాన్ని కొట్టడానికి ఏదో ఒక కారణం సబబే అని చెప్పిన ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో వందకు 84 మంది. తెలంగాణలోనూ అంతే. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చెయ్యకపోవడం, ఎదురు చెప్పడం, అత్తమామల్ని గౌరవించకపోవడం, ఇలాంటి కారణాల చిట్టా చదివి అడిగారు. ఈ అంకెను పట్టుకుని ఆడవాళ్ల అజ్ఞానం అని మైకులో చదివేస్తారు. మాకు అలా అనిపించదు. ఎదురు చెబితే దెబ్బ పడుతుందన్న లెక్క ప్రతి ఇంట్లో ప్రతి ఆడపిల్లకూ చిన్నప్పుడే తెలుసు. లోకం ఎలా నడుస్తోందో చెప్పమంటే చెప్పింది. లోకం అలా నడవడం నీకు ఇష్టమేనా అని అడిగి ఉంటే జవాబు వేరుగా ఉండేది కాదా అన్నది మా అనుమానం. అడిగే పద్ధతిని కూడా విమర్శించాలి, జవాబు చెప్పినవాళ్లనే కాదు.

రాజమహేంద్రవరం నుంచి వచ్చే నాటకం కాబట్టి ఆ ఊరి పాత పంతులుగారిని తలుచుకోకుండా ఈ వ్యాసం సాగదు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారు, అదే ఏడు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచారు, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారు, 1883లో ఆడవాళ్ల కోసం సతీహితబోధిని నడిపారు. జనానికి అర్థమయ్యే వచనంలో రాసి, ప్రహసనాలు ఆడించి, ఇంట్లో జరిగే అన్యాయం వీధిలో మాట్లాడదగ్గ సంగతి అని మొదట చెప్పినవాళ్లలో ఆయన ఒకరు. ఈ కళాజాతాలన్నిటికీ ముత్తాత ఆయనే అంటే తప్పు లేదు. కానీ ఆయన రాసిన సత్యవతీ చరిత్రం తీసి చదవండి. చదువుకున్న ఇల్లాలు సహనంతో, మంచితనంతో అత్తింటిని చక్కదిద్దుతుంది. అప్పటికి అది ముందడుగు, ఆడపిల్లకు చదువు చెప్పించడానికి భయపడే తండ్రులకు అలా చెబితేగాని నమ్మరు. కానీ ఆ సత్యవతి ఇంకా చావలేదు. నేటికీ సంతలో ఆడే నాటకంలో కోడలు వేషం ఆమెదే. తలవంచుకుంటుంది, ఎదురు చెప్పదు, పొద్దున్నే లేస్తుంది. అంత మంచిది కాబట్టి పోలీసు వచ్చి కాపాడతాడు.

మా పెద్ద అభ్యంతరం ఈ మంచితనం మీదే. జీలుగు కల్లు తాగే ఆడమనిషిని మొగుడు కొడితే? తిరిగి తిట్టేదాన్ని, మొదటి మొగుణ్ణి వదిలి రెండో మనువు వచ్చినదాన్ని, సంతలో పరాయి మగవాడితో నవ్వుతూ మాట్లాడేదాన్ని కొడితే? నాటకం చూసిన మొగుడు ఏం నేర్చుకుంటాడు? "అంత మంచిదాన్ని కొట్టడం తప్పే, నా పెళ్లాం అలాంటిది కాదుగా" అని నేర్చుకుంటాడు. చట్టం మంచి ఆడదాన్నీ చెడ్డ ఆడదాన్నీ వేరు చెయ్యలేదు, నాటకం చేస్తోంది. తెలుగు నవల ఈ గడప దాటి చాలా కాలమైంది. రంగనాయకమ్మ జానకి విముక్తిలో జానకిని వదిలివెళ్లే హక్కున్న మనిషిగా నిలబెట్టారు. నవల దాటిన గడపను వీధినాటకం ఎందుకు దాటలేదంటే, నవలను ఒక మనిషి రాసింది, నాటకాన్ని ఆఫీసు ఒప్పుకోవాలి.

తాగుడు కూడా అలాంటిదే. ప్రతి ఆటలో మొగుడు తూలుతూ వస్తాడు. తాగని మగవాడు కొట్టడం మేము ఏ ఆటలోనూ చూడలేదు. మా ఊళ్లలో జీలుగు చెట్టు దేవుడి పండగలోనూ ఉంది, పెళ్లిలోనూ ఉంది, ఆడా మగా కలిసే తాగుతారు. తాగుడే హింస అని చెబితే ఆడవాళ్లే తమ మీద నేరం మోపుతున్నారనుకుంటారు. పైగా తెల్లారి కల్లు దిగాక కొట్టేవాడికి నాటకంలో చోటే లేదు.

ఇక పోలీసు ముగింపు. ఇది కేవలం కళాపరమైన లోపం కాదు, చట్టాన్ని తప్పు చెప్పడం. 2005లో చేసి, 2006 అక్టోబరు 26 నుంచి అమలైన గృహహింస చట్టం ముందుగా మొగుణ్ణి జైల్లో పెట్టే చట్టం కాదు. కొట్టకూడదని ఉత్తర్వు ఇస్తుంది, ఉన్న ఇంట్లోంచి ఆమెను వెళ్లగొట్టకూడదని ఉత్తర్వు ఇస్తుంది, ఖర్చులకు డబ్బు ఇప్పిస్తుంది, పిల్లల్ని తాత్కాలికంగా ఆమెకు అప్పగిస్తుంది. దరఖాస్తు పెట్టిన మూడు రోజుల్లోపు మామూలుగా మొదటి వాయిదా వెయ్యాలి, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఆ రక్షణ ఉత్తర్వును మొగుడు మీరితే అప్పుడు ఏడాది వరకు జైలు, లేదా ఇరవై వేల వరకు జరిమానా, లేదా రెండూ. మా ఆడవాళ్లు నాటకం చూసి భయపడేది దేనికో తెలుసా? మొగుణ్ణి తీసుకుపోతారని. తీసుకుపోతే పోడు ఎవరు కొడతారు, కర్ర ఎవరు మోస్తారు, బెయిలుకి రాజమండ్రి ఎవరు తిరుగుతారు? "కొట్టొద్దని చెప్పేవాళ్లు కావాలి గానీ, పట్టుకుపోయేవాళ్లు వద్దు" అని ఒక తల్లి మాతో అంది. చట్టం ఆమె అడిగిందే రాసిపెట్టింది. ఆ సంగతి మాత్రం నాటకం చెప్పదు, ఎందుకంటే కోర్టు ఉత్తర్వుకు లాఠీ ఉండదు, వేషం కట్టడం కష్టం.

మా మీదికి ప్రత్యేకంగా వచ్చే మాట ఇంకొకటి ఉంది. 1955 హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప. మా పెళ్లి ఆచారం ప్రకారం, విడిపోవడమూ ఆచారం ప్రకారమే. 498ఎ కింద వెళితే పెళ్లి జరిగిందని ఋజువు చేసుకోవడం దగ్గరే చిక్కు వస్తుంది. ఓలి పూర్తిగా కట్టక, పెళ్లి తంతు వాయిదా వేసుకుని, ఇద్దరు పిల్లలతో కాపురం చేస్తున్న జంటలు మా దగ్గర ఎన్ని లేవు! గృహహింస చట్టం పెళ్లి లాంటి సంబంధంలో ఉన్న స్త్రీకీ వర్తిస్తుంది. ఇంతకంటే మాకు పనికొచ్చే వాక్యం ఆ చట్టంలో లేదు. మేము చూసిన ఏ కరపత్రంలోనూ ఇది లేదు. హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చునని, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసులు ఉండవని కూడా అదే చట్టం నాలుగో సెక్షన్ అంటుంది. అంటే అంగన్‌వాడీ అక్క చెప్పవచ్చు, ఆశా కార్యకర్త చెప్పవచ్చు, మేమూ చెప్పవచ్చు. చెప్పడానికి ఆ అధికారి ఎక్కడున్నాడన్నది వేరే కథ. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు చేసినప్పుడు రంపచోడవరం వైపు మండలాలకు పాడేరు జిల్లా కేంద్రమైంది. కింద కనిపించే రాజమండ్రికి కాకుండా, కొండలన్నీ దాటి పాడేరు వెళ్లమన్నారు.

పోలవరం ముంపు ఊళ్లు లేచిపోయాక హింస రూపం కూడా మారింది. పాత రోజుల్లో ఆడమనిషికి ఆసరా పుట్టిల్లు. కొండ దిగి వాగు దాటితే పుట్టిల్లు, రాత్రి దెబ్బ తింటే తెల్లారేసరికి అక్కడ ఉండేది. నాలుగు రోజులు ఉండి, అన్నదమ్ములు వెళ్లి మాట్లాడాక తిరిగి వచ్చేది. ఇప్పుడు అత్తింటి ఊరిని ఒక కాలనీకి, పుట్టింటి ఊరిని ఇంకో మండలంలో కాలనీకి తెచ్చి పెట్టారు. మధ్యలో రెండు బస్సులు, చేతిలో డబ్బు. పోడు లేదు, వెదురు లేదు, మగవాళ్లకి పని లేదు, పరిహారం అయిపోయింది. భర్త వదిలేసిన స్త్రీని, విడాకులు పొందిన స్త్రీని, వితంతువును వేరే కుటుంబంగా లెక్కించాలని 2013 భూసేకరణ చట్టం చెబుతుంది. పెద్దమనుషుల ముందు పుల్ల విరిచి తెగతెంపులు చేసుకున్నదానికి కాగితం ఎవరిస్తారు? కాగితం లేనిది లెక్కలో రాదు, లెక్కలో లేనిదానికి ఇల్లు రాదు, ఇల్లు లేక ఆమె కొట్టేవాడి ఇంట్లోనే ఉంటుంది. ఇది కథ కాదా? నాటకానికి పనికిరాదా?

పనికొస్తుందని నెల్లూరు చెప్పింది. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రి బడిలో కూర్చున్న ఆడవాళ్లు తమ ఇళ్ల సంగతులు మాట్లాడుకున్నారు. సారాకి పోయే కూలి, సారా తాగి కొట్టే దెబ్బ. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా కొట్టు మూయించారు. ఆ సంగతే "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠమై అక్షరాస్యుల పుస్తకంలో అచ్చయింది, దాన్ని చదివిన వేరే ఊళ్ల వాళ్లు తమ ఊరి కొట్టు మీదికి వెళ్లారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. ఎత్తేశారు కాబట్టి ఓడిపోయారని అనడం తేలిక. మాకు ఆసక్తి ఆ పాఠం పుట్టిన పద్ధతి మీద. ముందు ఆడవాళ్లు చెప్పారు, తరువాత పుస్తకం రాసింది. పాఠంలో రోశమ్మ లాంటి మనుషులు ఉన్నారు, సత్యవతి లేదు. అలాగని నెల్లూరు పాఠాన్ని తెచ్చి మా సంతలో చదివినా లాభం లేదు. అక్కడి సారా వేలంపాటల వ్యాపారం, ఇక్కడి జీలుగు ఇంటి వెనక చెట్టు. తెచ్చుకోవలసింది అడిగే పద్ధతిని.

ఈ ఏడు ఆట తెచ్చేవాళ్లకు మా కోరిక చిన్నది. కోడల్ని పంచాయితీ దాకా తీసుకురండి. ఆమె దెబ్బలు చూపించిందనండి, పెద్దమనిషి "ఓలి ఎవరు తిరిగిస్తారు?" అని అడిగాడనండి. అక్కడ డప్పు ఆపండి, పోలీసును పిలవకండి. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లను, మాకు అర్థమయ్యే మాటలో, "ఇప్పుడు ఏం చెయ్యాలి?" అని అడగండి. పదేళ్లు ఆ పోడులో ఆమె చేసిన కూలిని ఓలి లెక్కలోంచి తీసెయ్యాలా వద్దా అని అడగండి. మాట్లాడటానికి సమయం పడుతుంది, మైకు అద్దె ఎక్కువవుతుంది, ఆ రోజు రెండో ఊరి ఆట పోతుంది. వాళ్లు చెప్పిందంతా రాసుకోవడానికి మాలో ఒకరు పలకో నోటుబుక్కో పట్టుకుని అక్కడే కూర్చుంటారు.